తెర మీది సర్వనామం

రచనలో ఏం చెప్పారన్నదే ముఖ్యం, ఎట్లా చెప్పారన్నది తర్వాత సంగతి అనే మాట మన సభల్లో చాలాకాలం చెల్లింది. రూపం కూడా వస్తువులో భాగమేనని దానికి జవాబు చెప్పినవాళ్ళూ మనలోనే ఉన్నారు. ఆ చర్చను తిరగదోడటం నా ఉద్దేశం కాదు. ఐతే ఆ చర్చలో రూపమంటే శిల్పం, శైలి, పాత్రోచిత భాష అనే అనుకున్నాం. మాట కాగితం మీద ఎక్కడ కూర్చుంది, ఏ గీతకు ఏ పక్కన కూర్చుంది, ఎంత లావు అక్షరాల్లో కూర్చుంది అనే సంగతిని అచ్చాఫీసుకు వదిలేశాం. ఇవాళ మన విద్యార్థులు చదివేది, రాసేది, దరఖాస్తులు పెట్టుకునేది ఎక్కువభాగం తెర మీద. ఆ తెరను ఎవరో ఒకరు గీస్తారు. ఏ గడి ముందుండాలో, ఏ మాట ముందే నింపి ఉండాలో నిర్ణయిస్తారు. ఆ నిర్ణయాలు ఆడా మగా అనే విషయంలో మన భాష చేత ఏం పలికిస్తున్నాయో, వాటిని మార్చితే ఏం పలికించవచ్చో చూడటమే ఈ వ్యాసం పని.

కాగితం నుంచే మొదలుపెడదాం. బళ్ళల్లో ఇచ్చే ధ్రువపత్రం నమూనాలు చాలావరకు ఒక్క అచ్చులో పోసినట్టుంటాయి. ‘శ్రీ/కుమారి’ ఫలానా, ఫలానావారి ‘కుమారుడు/కుమార్తె’, ఈ పాఠశాలలో ‘చదివినాడు/చదివినది’. అట్టడుగున చిన్న అక్షరాల్లో ‘వర్తించనిది కొట్టివేయవలెను’ అని సూచన. కాగితం పోయి కంప్యూటరు వచ్చినా మా దగ్గర ఈ అచ్చు మాత్రం అట్లాగే తెర మీదికి ఎక్కింది. మూడు చోట్లా గీతకు ముందున్నది మగమాటే. ఆడపిల్ల పత్రంలో ఆ పిల్లను వెతకాలంటే మూడు కొట్టివేతలు దాటి వెళ్ళాలి. ఇంతకంటే చమత్కారమైనది బ్రాకెట్ల పద్ధతి: ‘అతడు (ఆమె)’, ‘విద్యార్థి(ని)’. బ్రాకెట్లో ఉన్నదాన్ని తీసేసినా వాక్యం నిలబడుతుందని మనమే పిల్లలకు చెబుతాం. ఇక్కడ తీసేయటానికి వీలుగా అమర్చింది ఎవర్ని?

కొందరు మిత్రులు దీన్ని ఇంగ్లీషువాళ్ళ గొడవ అంటారు. ‘హీ’, ‘షీ’ అన్న రెండు మాటలతో వాళ్ళకు వచ్చిన చిక్కును మనం అరువు తెచ్చుకోనక్కర్లేదని వారి వాదం. ఆ వాదంలో సగం నిజం ఉంది. మన చిక్కు వేరు. అది సర్వనామంతో ఆగదు, క్రియ దాకా పోతుంది.

చిన్నయసూరి బాలవ్యాకరణం 1858 నాటిది. మహత్తు, మహతి, అమహత్తు అనే విభాగం మనకు ఆ పుస్తకం ద్వారా పరిచయం. ఆ విభాగం సారాంశం వాడుకలో ఇట్లా ఉంటుంది. ఏకవచనంలో ‘రాముడు పడ్డాడు’. ఐతే ‘సీత పడింది, గేదె పడింది, బల్ల పడింది’. మగవాడొక్కడు ఒక పక్క, మిగిలిన సృష్టి అంతా ఒక పక్క. బహువచనంలో సరిహద్దు జరుగుతుంది: ఆడవాళ్ళూ మగవాళ్ళూ ‘పడ్డారు’, గేదెలూ బల్లలూ ‘పడ్డాయి’. ఒంటరిగా ఉన్నప్పుడు గేదెతోనూ బల్లతోనూ జమ అయిన స్త్రీ పదిమందిలో చేరగానే మనుషుల కోవలోకి వస్తుంది! దీన్ని పట్టుకుని వ్యాకరణమే స్త్రీని తిట్టిందనటం తొందరపాటు. ‘అమ్మ వచ్చింది’ అన్న బిడ్డ అమ్మను తక్కువ చేయటం లేదు. కాని ఒక సంగతి గట్టిగా చెప్పవచ్చు. తెలుగులో ఒక మనిషి నిన్న ఏదో చేశారని ఏకవచనంలో చెప్పాలంటే, ఆ మనిషి మగా కాదా అన్నది తేల్చకుండా వాక్యం ముగియదు.

ఇంకో సంగతి కూడా తేల్చాలి. మన విమర్శకులు దీని మీద చూపవలసినంత శ్రద్ధ చూపలేదనుకుంటాను. ‘పాలేరు వచ్చాడు, దొరగారు వచ్చారు. పనిమనిషి వచ్చింది, అమ్మగారు వచ్చారు.’ ఆ ‘-రు’ వట్టి బహువచనం కాదు. అది పొలంలాగా, ఇంటి వసారాలాగా కొందరి చేతుల్లో ఉన్న ఆస్తి. దినపత్రిక తెరిచి చూడండి. కూలీ మృతిచెందాడు, మహిళ మృతిచెందింది, మాజీ శాసనసభ్యులు మృతిచెందారు. చావు ఒక్కటే, క్రియాంతాలు మూడు. ‘వాడు’, ‘అది’ అనే మాటలు ఏ వాడల వాళ్ళ మీద తరతరాలుగా ప్రయోగించబడ్డాయో నేను వివరించనక్కర్లేదు. కనుక తెలుగులో లింగభేదం లేని సర్వనామం కోసం వెతకటమంటే, వద్దనుకున్నా, కులభేదం వర్గభేదం తడమకుండా వెతకటం కుదరదు. స్వీడనువాళ్ళకు ఈ బాధ లేదు.

సరే, తెర విషయానికొద్దాం. తెర చేసిన కొత్తపని ఏమిటంటే, తనకు తెలియని మనుషుల గురించి మాట్లాడవలసిరావటం. ఉత్తరం రాసే మనిషికి ఎవరి గురించి రాస్తున్నదీ తెలుసు. యంత్రానికి తెలియదు. ‘ఫలానావారు ఒక ఫొటో పెట్టారు’ అని లక్షలమంది గురించి అది ఒకే నమూనా వాక్యంతో చెప్పాలి. ఇంగ్లీషులో ఫేస్‌బుక్ మొదట్లో, లింగం చెప్పని మనుషులకు బహువచన సర్వనామం వాడి వాక్యం నెట్టుకొచ్చింది. 2008 జూన్‌లో ఆ సంస్థ, ఈ పద్ధతి ఇంగ్లీషులో ఎబ్బెట్టుగా ఉందనీ, ఇతర భాషల్లోకి అనువదించేవారికి మరీ ఇబ్బందిగా ఉందనీ చెప్పి, వాడుకునేవారిని ఆడో మగో తేల్చమని అడగటం మొదలుపెట్టింది. అంటే, వాక్యం సాఫీగా నడవటం కోసం మనుషుల్ని రెండు గడుల్లోకి సర్దటం! ఇది చదివినప్పుడు నాకు మన ఛందస్సు గుర్తొచ్చింది. గణం సరిపోవటం కోసం మాటను నరికే పద్యకర్తలు మనకూ తక్కువేం కాదు.

తర్వాత 2014 ఫిబ్రవరిలో అదే సంస్థ అమెరికాలో యాభైకి పైగా లింగ ఎంపికలను, వాటితో పాటు బహువచన సర్వనామాన్నీ ఇచ్చింది. చాలామంది హర్షించారు. ఐతే రీనా బివెన్స్ అనే పరిశోధకురాలు ఆ సంస్థ తెరల్ని పదేళ్ళ మేరకు తవ్వి చూసి, పైపొరలో ఎంపికలు పెరిగినా లోపలి పట్టికల్లో పాత స్త్రీపురుష లెక్కే నడుస్తోందని చూపించారు. ప్రకటనలు అమ్ముకునే వ్యాపారానికి కావలసింది ఆ లెక్కే గదా. రూపం ఒకటి చెబుతుంటే సారం మరొకటి చేయటం మనకు కొత్త విషయం కాదు. కాబట్టి కంపెనీలు పేరు పక్కన సర్వనామానికొక గడి ఇచ్చినంత మాత్రాన (ఇన్‌స్టాగ్రామ్ 2021లో ఇచ్చింది) సమానత్వం వచ్చేసిందని నేనడం లేదు. అట్లాగని, కంపెనీ ఇచ్చింది కాబట్టి మనకు పనికిరాదనటమూ సరికాదు. అచ్చు యంత్రాన్ని మనం కనిపెట్టలేదు, కరపత్రాలు మాత్రం వేసుకున్నాం.

మాట పక్కనుండే బొమ్మ కూడా సర్వనామం లాగే పనిచేస్తుంది. ఫేస్‌బుక్‌లో ‘మిత్రులు’ అనే గుర్తులో మగవాడి నీడ ముందు, స్త్రీ నీడ వెనక చిన్నగా ఉండేది. అక్కడ పనిచేసే కేట్లిన్ విన్నర్ అనే రూపకర్త 2015లో దాన్ని తిరిగి గీసి స్త్రీని ముందుకు తెచ్చారు. ట్విట్టర్ అన్న పేరుతో నడిచిన రోజుల్లో, 2017లో, ఆ సంస్థ ఫొటో పెట్టనివారికి ఇచ్చే గుడ్డు బొమ్మ తీసేసి మనిషి నీడ పెట్టింది. ఆడా మగా అని జుట్టును బట్టి పోల్చుకునే వీలు లేకుండా ఆ నీడను గీయించింది. ముందొక మగతల బొమ్మ చూసి, కింద ‘వారు’ అని చదివినా, చదువరి మనసులో కూర్చునేది మగవాడే. బొమ్మా మాటా ఒకేవైపు లాగాలి.

లింగం అన్నది నోట్లో లేకుండా కంటిలో మాత్రమే ఉండగలదా? ఉండగలదని చైనా భాష చూపించింది. అక్కడ అతడు, ఆమె రెండూ ఒకే రకంగా పలుకుతారు. రాతలోనూ ఒకే అక్షరం ఉండేది. దాని ఎడమవైపు భాగం ‘మనిషి’ అనే అర్థానిది. పాశ్చాత్య భాషల అనువాదాల అవసరం కొద్దీ, ల్యూ బన్‌నుంగ్ అనే కవి 1920 ప్రాంతంలో ఆ ఎడమ భాగం తీసేసి ‘స్త్రీ’ అనే భాగం పెట్టిన అక్షరాన్ని ‘ఆమె’ కోసం ప్రచారం చేశారు. ఆధునికత అని రచయితలు దాన్ని అందుకున్నారు. కాని 1930ల్లో అక్కడి ఒక స్త్రీల పత్రిక ఆ అక్షరం వాడబోమని ప్రకటించింది. మగవాడికి మనిషి గుర్తు ఉంచి, మాకు తీసేస్తే మేం మనుషులం కామా అన్నది వారి ప్రశ్న. నాకు తెలిసి అక్షరరూపం మీద ఇంత పదునైన విమర్శ మరొకటి లేదు. ఇప్పుడు అక్కడి యువతరం కొందరు తెరల మీద ఆ రెండు అక్షరాలూ వదిలి, ఆ ఉచ్చారణనే రోమను లిపిలో కొట్టి లింగం తేల్చకుండా దాటేస్తున్నారు. నూరేళ్ళ కిందట కన్ను తెచ్చిన భేదాన్ని మళ్ళీ కన్నే తీసేస్తోంది.

జర్మనులు వేరే దారి తొక్కారు. వారి నామవాచకాలకు స్త్రీ ప్రత్యయం చివర చేరుతుంది. 1980ల్లో బెర్లిన్ నుంచి వచ్చే ఒక వామపక్ష దినపత్రిక ఆ ప్రత్యయం మొదటి అక్షరాన్ని మాట మధ్యలో పెద్దక్షరంగా వేయటం మొదలుపెట్టింది. తర్వాత అక్కడ నక్షత్రం గుర్తు వచ్చింది. ఆడా మగా అనే రెంటికీ చెందనివారికి ఆ నక్షత్రం చోటు. ఫ్రెంచివాళ్ళు మాట మధ్య చుక్క పెట్టారు. 2018లో బ్రస్సెల్స్‌లో పుట్టిన ‘బై బై బైనరీ’ అనే బృందమైతే రెండు ప్రత్యయాలనూ కలిపి ఒకే సంయుక్త రూపంగా గీసిన కొత్త అక్షరాలే పోతపోసింది. ఇంత చిన్న చుక్కకు ప్రభుత్వాలు ఎంత ఉలిక్కిపడ్డాయో చూడండి. 2017లో ఫ్రాన్సు ప్రధాని అధికార పత్రాల్లో ఈ రాతను వాడవద్దని ఉత్తరువు పంపారు. 2024 ఏప్రిల్ నుంచి బవేరియా తన కార్యాలయాల్లో, బడుల్లో నక్షత్రాన్ని నిషేధించింది. రూపం అప్రధానమనేవారు ఈ ఉత్తరువుల్ని చదవాలి. పాలకులకు రూపం విలువ మనకంటే బాగా తెలుసు.

ఐతే ఈ నక్షత్రాన్ని మనం తెచ్చుకోవాలా? వద్దనే నా అభిప్రాయం. మన లిపిలో హల్లూ గుణింతమూ కలిసి ఒక అక్షరం. ‘డు’, ‘ది’ అన్నవాటిని చీల్చి మధ్యలో చుక్క పెడితే తెర మీద గుణింతం వేలాడుతుంది. ‘చేశాడు/చేసింది’ అని జంటగా రాస్తే వాక్యం కుంటుతుంది. పైగా కళ్ళు కనపడనివారికి తెరను చదివి వినిపించే యంత్రం ఆ గీతనూ చుక్కనూ ఎట్లా పలకాలో తెలియక తికమకపడుతుంది. కంటికి న్యాయం చేసి చెవికి అన్యాయం చేసే రూపం మంచిరూపం కాదు. అసలు మన భాషకు అంత శస్త్రచికిత్స అవసరం లేదు. మన దగ్గర ఉన్న సరుకు ఎక్కువ.

‘నేను వెళ్ళాను’ అన్న వాక్యానికి లింగం లేదు. హిందీలో ‘నేను వెళ్తున్నాను’ అనాలన్నా ఆడో మగో చెప్పుకోవాలి. రేవతి ఆత్మకథను పి. సత్యవతి తెలుగులోకి ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెచ్చారు. దానికి 2019 సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం వచ్చింది. తన లింగం గురించే పుస్తకమంతా పోరాడే మనిషి, తెలుగులో ‘నేను’ అన్నప్పుడు మాత్రం క్రియ అడ్డుపడదు. ‘నువ్వు’, ‘మీరు’ అన్నా అంతే. కాబట్టి తెర వీలైనంతవరకు మనిషి గురించి కాక, మనిషితో మాట్లాడాలి. ప్రథమపురుషలో కూడా దారులున్నాయి. ‘వచ్చాడు, వచ్చింది’ అన్నచోట భేదం ఉంది గాని, ‘రాలేదు’ అన్నచోట లేదు. ‘రావాలి, రావచ్చు, రాకూడదు’ అన్నవీ అందరివీ. నియమాలన్నీ ఈ క్రియలతోనే నడుస్తాయి. ‘అభ్యర్థి సంతకం చేయాలి’ అంటే చాలు. దానికి బదులు ‘అభ్యర్థి సంతకము చేయవలసినవాడై యున్నాడు’ అని రాసే గుమాస్తా భాష ఉందే, అది లింగాన్ని పనిగట్టుకుని తెచ్చిపెడుతుంది. ఇక ‘ఫొటో జతచేయబడినది’ వంటి ‘బడు’ వాక్యాల జోలికి నన్ను పోనివ్వకండి. చేసిన మనిషే మాయమయ్యే వాక్యం సమానత్వం కాదు.

సర్వనామాల్లో ‘ఎవరు’, ‘ఒకరు’, ‘మరొకరు’ ఏకవచనార్థంలోనే లింగం లేకుండా బతుకుతున్నాయి. తలుపు చప్పుడైతే ‘ఎవరో వచ్చారు’ అంటాం. తెలియని మనిషిని తెలుగు మర్యాదగానే చూస్తుంది. తెలిసినాకే గదా ‘ఎవడు’, ‘ఎవతె’ అనే మాటలు వచ్చేది! ‘తను’ అనే మాటను ఈకాలపు పిల్లలు అతడికీ ఆమెకూ బదులుగా వాడుతున్నారు. అది ఆత్మార్థకమనీ, కర్తగా వాడరాదనీ వ్యాకరణం తెలిసినవారు విసుక్కుంటారు. నేను విసుక్కోను గాని ఒక సందేహం చెబుతాను. ‘తను వచ్చాడు, తను వచ్చింది’ అన్నప్పుడు సర్వనామం దాచినదాన్ని క్రియ బయటపెట్టేస్తుంది. అందుకే ఇంగ్లీషు తెరల్ని చూసి పేరు పక్కన సర్వనామం గడి పెడితే తెలుగుకు సరిపోదు. మనకు కావలసింది క్రియాంతం గడి: ‘-డు’, ‘-ది’, ‘-రు’ అని మూడు. ఏదీ ఎంచుకోనివారికి ‘-రు’. ఏ తెరలు వాక్యాన్ని ఈ ముగ్గురికీ వేరువేరుగా రాసుకోవటానికి వీలిస్తాయో అవి ఇది చేయగలవు. వికీపీడియా నడిచే సాఫ్టువేరులో వాడుకునేవారి ఎంపికను బట్టి మాటను మార్చే ఏర్పాటు ఉంది.

అక్కడి తెలుగువారు చేసిన మరో మంచిపని ‘వాడుకరి’ అన్న మాటను స్థిరపరచటం. ‘వినియోగదారుడు’ అనకుండా తప్పించుకున్నారు. చదువరి, నేర్పరి, పొదుపరి, సోమరి, తుంటరి, మాటకారి, ఈ కోవలోని మాటలకు ఆడామగా లేదు. మన పత్రికల్లో ఎన్నేళ్ళుగానో ‘పాఠకుడు’ చదువుతున్నాడు, ‘పాఠకుడు’ స్పందిస్తున్నాడు. మన పాఠకుల్లో సగంమంది ఆ మాట బయట నిలబడి ఉన్నారు. ‘చదువరి’ అనటానికి మనకేం ఖర్చు?

ఇక దరఖాస్తు తెరలు. 2009లో ఎన్నికల సంఘం ‘ఇతరులు’ అన్న ఎంపికను చేర్చింది. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా తీర్పులో మూడో లింగాన్ని గుర్తించింది. తీర్పు హక్కుగా గుర్తించినదాన్ని చాలా తెరలు ఇప్పటికీ అట్టడుగు వరసలో ‘ఇతరులు’ అనే చూపిస్తాయి. ‘ఇతర ఖర్చులు’, ‘ఇతర వివరములు’ అన్నట్టు. మనిషికి పెట్టవలసిన పేరేనా అది? గడి ముందే ‘పురుషుడు’ అని నింపి ఉంచకపోవటం, తమ మాట తామే రాసుకునే ఖాళీ ఒకటి ఇవ్వటం, నీలం గులాబీ రంగులు మానటం, ఇవి రూపకర్త చేతిలో పనులు. అన్నిటికంటే ముఖ్యం, అవసరం లేనిచోట అడగకపోవటం. కరెంటు బిల్లు కట్టటానికి నా లింగంతో పనేమిటి? పేరు పక్కన సర్వనామం తప్పనిసరిగా చూపమనటం కూడా ప్రమాదమే. ఇంట్లో చెప్పుకోలేని మనిషిని వీధి తెర మీద చెప్పమనటం అవుతుంది.

ఇంతా చేస్తే ఆలోచన మారుతుందా అని అడిగేవారికి స్వీడను అనుభవం చెప్పాలి. అతడు, ఆమె అనే మాటల నడుమ ‘హెన్’ అనే మాట అక్కడ 1960ల నుంచి ప్రతిపాదనలో ఉంది. 2012లో ఒక పిల్లల బొమ్మల పుస్తకంతో రచ్చకెక్కింది, 2015లో అకాడమీ పదకోశంలోకి వచ్చింది. 2019లో తావిట్స్, పెరెజ్ అనే ఇద్దరు పరిశోధకులు మూడువేలకు పైగా మనుషులకు, ఆడా మగా తెలియని ఒక మనిషి కుక్కను నడిపించుకుపోయే బొమ్మ చూపించి, కొందరిని ఒక సర్వనామంతో, కొందరిని మరొకదానితో వర్ణించమన్నారు. ‘హెన్’ వాడినవారిలో, తర్వాత చెప్పిన కథలో మనిషి అంటే మగవాడే అనుకోవటం తగ్గింది. గొప్ప విప్లవమేం కాదు. కొంచెం తగ్గింది. ఆకలి సమస్య ఉండగా సర్వనామమా అనే మిత్రులకు నా జవాబు కూడా ఇంతే. కూలిరేటు పెంచే శక్తి క్రియాంతానికి లేదు. కాని కూలి అడిగినవాళ్ళను ‘వాడు’, ‘అది’ అని పిలిచేవాళ్ళే కూలిరేటు నిర్ణయిస్తున్నారు.

చిక్కేమిటంటే ‘-రు’ అందరికీ ఇస్తే అది గౌరవంగా మిగులుతుందా, వట్టి ప్రత్యయమైపోతుందా అన్నది. తెర మీద అది ఇప్పటికే ప్రత్యయమైపోతోంది. మంత్రీ, రిక్షా తొక్కే మనిషీ ఒక్క తీరున ‘ఫొటో జోడించారు’. ఇది యంత్రం మంచితనం కాదు, దానికి మన అంతస్తులు తెలియవు. తెలియకపోవటం వల్ల వచ్చిన ఈ సమానత్వాన్ని తెలిసిన మనం, కథ రాసేటప్పుడు, నిలబెట్టుకోలేకపోతున్నాం. ఈ మధ్య మన సంకలనాల్లోని ఒక కథను కంప్యూటరులో ఎక్కించి ‘-డు’ అన్నవాటికి నీలం, ‘-ది’ అన్నవాటికి ఆకుపచ్చ, ‘-రు’ అన్నవాటికి ఎరుపు రంగు వేసి మా పదో తరగతి పిల్లలకు చూపించాను. కూలీల పక్షాన, వారి సమ్మె మీద రాసిన కథ. కథకులు తమ గొంతుతో చెప్పిన వాక్యాలకే రంగులు వేశాను, పాత్రల మాటలకు కాదు. పొలమంతా నీలం, ఆకుపచ్చ. ఎరుపు మాత్రం భూస్వామి ఇంటి అరుగు మీద, ఆ తర్వాత తహసీల్దారు జీపులో కనపడింది. ఊరంతా కలిసి సమ్మెకు కదిలే చివరి పేజీలో, గుంపు కాబట్టి, కూలీలకూ ఎరుపు వచ్చింది. ఒక అమ్మాయి లేచి, ఆ గుంపులోంచి ఒక్కరే ఇంటికి వెళ్తే ఏ రంగు సార్ అని అడిగింది.